ఉప్పునీటిని ముందుగా పరీక్షించుడు

2003లో మొదలైన 'మిత్‌బస్టర్స్' అను టెలివిజన్ కార్యక్రమమును మీలో కొందరు చూచియుందురు. నిత్యము వాడు వస్తువులను కఠిన పరిస్థితులలో పెట్టి, జనులు నమ్మునది నిజమో కాదో తేల్చుట దాని పని. పక్కన మామూలు స్థితిలో మరొకటి ఉంచి పోల్చిననే నిజము తెలియును. నెల్లూరు తీరపు వరి రైతులకు ఈ పద్ధతి మిక్కిలి అవసరము.

ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు వంటి తీర ప్రాంతములలో బోర్లను అతిగా తోడినచో సముద్రపు ఉప్పునీరు లోనికి చొరబడవచ్చును. మొలక బాగున్నదని ధైర్యపడరాదు. మొలకెత్తునప్పుడు వరి ఉప్పును కొంత ఓర్చుకొనును. లేత నారు, పూత దశలోని పైరు అంతగా ఓర్వలేవు.

కావున బోరునీరు ఎక్కువ ఉప్పగానుండు ఎండకాలముననే పరీక్షింపుడు. రెండు తొట్లలో ఒకే మన్ను నింపి, ఒకే విత్తనము 100 గింజల చొప్పున చల్లుడు. ఒకదానికి మంచినీరు, రెండవదానికి మీ బోరునీరు మూడు వారములు పోయుడు. రెండవ తొట్టిలో మాత్రమే ఆకుకొనలు తెల్లబడి ఎండినను, నారు గిడసబారినను ఆ నీరు నారుమడికి తగదు. నారు బాగున్నను పూత దశ మిగిలియున్నది గనుక నీటి నమూనాను, మట్టి నమూనాను పరీక్షాకేంద్రమునకు పంపుడు. గ్రామోద్యోగులు ఈ పరీక్షను పదిమంది యెదుట చేసి చూపవలెను.

తొట్టిలో 100 గింజలు పోయిన నష్టము స్వల్పము. నారుమడి పోయినచో అదును తప్పును.