తెల్లవారుజామున చెరువుకు ఊపిరి

భీమవరం, ఆకివీడు, కైకలూరు ప్రాంతాల నుండి అమెరికా వచ్చి స్థిరపడిన మనవారిలో కొందరికి స్వగ్రామంలో చేపల చెరువులున్నాయి. మబ్బు పట్టిన రోజు గడచి తెల్లవారేసరికి శీలావతి, బొచ్చె చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయంటే ఆ ఇంట ఆందోళన మొదలైనట్లే. ఒక్క తెల్లవారుజామున ఏడాది కష్టమంతా నీటిపాలు కావచ్చును.

ఎకరానికి ఎన్ని ఏరేటర్లు కావాలని సాధారణంగా అడుగుతారు. నిజానికి లెక్కించవలసినది విస్తీర్ణాన్ని కాదు, ఊపిరి పీల్చే జీవుల అవసరాన్ని.

ఉదాహరణకు, ఎకరం విస్తీర్ణం, మీటరున్నర లోతు గల చెరువులో సుమారు 60 లక్షల లీటర్ల నీరు, 4 టన్నుల చేపలు ఉన్నాయనుకుందాం. కిలో చేపకు గంటకు 0.3 గ్రాముల చొప్పున 1.2 కిలోల ఆక్సిజన్ కావాలి. నీటిలోని సూక్ష్మజీవులు, అడుగునున్న బురద మరో 1.8 కిలోలు వాడుకుంటాయనుకుంటే, మొత్తం గంటకు 3 కిలోలు. అంటే లీటరు నీటిలో గంటకు అర మిల్లీగ్రాము తగ్గుతుంది.

ఎండ కాసిన రోజున నీటిలోని పచ్చని నాచు ఆక్సిజన్‌ను తయారుచేస్తుంది. సాయంత్రం 6 గంటలకు లీటరుకు 10 మిల్లీగ్రాములుంటే, ఉదయం 6 గంటలకు 4 మిగులుతుంది; గండం గడుస్తుంది. మబ్బు రోజున సాయంత్రానికి 6 మాత్రమే ఉంటే, తెల్లవారేసరికి మిగిలేది సున్నా!

ఇక యంత్రం సంగతి. గంటకు 2 కిలోల ఆక్సిజన్ ఇస్తుందని కాగితంపై ఉన్న సామర్థ్యం, ఆక్సిజన్ ఏమాత్రం లేని 20 డిగ్రీల సెల్సియస్ శుభ్రమైన నీటిలో పరీక్షించినది. మన చెరువులో నీరు 30 డిగ్రీలు; ఆ వేడిలో నీరు గాలి నుండి గ్రహించగలిగేది లీటరుకు 7.6 మిల్లీగ్రాములే. అప్పటికే 4 ఉన్న నీటిలోకి ఆక్సిజన్ నెమ్మదిగా చేరుతుంది కనుక, ఆ యంత్రం నిజంగా ఇచ్చేది గంటకు 0.9 కిలో మాత్రమే. కాగితాన్ని నమ్మి రెండు యంత్రాలు కొన్న రైతుకు గంటకు కిలోకు పైగా లోటు, కావలసినవి నాలుగు. కరెంటు పోతే వాటిని నడిపే జనరేటరు కూడా సిద్ధంగా ఉండాలి.

అమెరికా తూర్పు తీరాన మధ్యాహ్నం అయ్యేసరికి ఆంధ్రదేశంలో రాత్రి పది గంటలు కావస్తుంది. ఆ వేళ ఇంటికి ఫోను చేసినప్పుడు మీటరు చూపిన రెండు అంకెలు అడగండి: సాయంత్రం 6 గంటలకు ఎంత, ఇప్పుడు ఎంత? ఆ తగ్గుదలను తెల్లవారేదాకా లెక్కిస్తే జరగబోయేది ముందే తెలుస్తుంది. 6 నుండి 4కు దిగిందంటే ఏరేటర్లు వెంటనే తిరగాలి. చేపలు నోళ్ళు తెరిచేదాకా ఆగరాదు.