ప్రత్యేక పాఠశాలల బిడ్డలు పొందిన గౌరవములు

ప్రతి సంవత్సరమును బహుమతి ప్రదానోత్సవమునాడు మన పాఠశాలలో బల్లమీద వెండి గిన్నెలును పుస్తకములును వరుసగా నుంచబడును. పేరు పిలువబడిన బాలుడు వేదిక నెక్కును. వాని తల్లిదండ్రుల కన్నులు చెమ్మగిల్లును. అట్టి దినము తమ యింట నెన్నటికిని రాదని తలంచి, చూపు లేని బిడ్డను, బుద్ధివికాసమున వెనుకబడిన బిడ్డను ఇంటనే యుంచుకొను తల్లిదండ్రులును కలరు. అట్టివారు వినదగిన సంగతులు కొన్నిటిని ఈ సంచికలో వ్రాయ నెంచితిమి.

మన ఇబ్రహీంపట్నమునకు కృష్ణ కావలి యొడ్డున, పల్నాటిసీమలో నరసరావుపేట యను పట్టణము కలదు. అచ్చట లూథరను మిషనువారి అంధుల ఉన్నత పాఠశాల యున్నది. బాల్యముననే చూపును చాలవరకు కోల్పోయిన ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి ఆ పాఠశాలలో చదివెను. అంధుల క్రికెట్టును అచ్చటనే నేర్చెను.

చూపు లేనివారు బంతి నెట్లు కొట్టుదురని మన విద్యార్థు లడుగవచ్చును. ఆ బంతి గట్టి ప్లాస్టిక్కుతో చేయబడినది. దానిలోపల చిన్న యినుపగుండ్లుండి, దొర్లునప్పుడు గలగల మ్రోగును. బౌలరు ముందుగా "రెడీ?" యని యడుగును, ఆటగాడు "యెస్" అనిన పిదప "ప్లే" యని పలికి, చేతిని భుజముపైకెత్తక క్రిందినుండియే బంతిని విడుచును. అది పిచ్చి నడిమికి చేరకముందే ఒకసారియైనను నేలను తాకవలెను. పదునొకండుగురిలో నలుగురైనను బొత్తిగా చూపు లేనివారై యుండవలెను. తక్కినవారు కొలదిపాటి చూపు గలవారు. బొత్తిగా చూపు లేనివాడు బ్యాటుతో చేసిన ఒక పరుగు రెండుగా లెక్కింపబడును. వాడు ఒకసారి నేలను తాకి లేచిన బంతిని పట్టినను క్యాచి యగును. ఇది దయచేత నిచ్చిన మార్కు కాదు; ఎవరి కష్టమునకు తగిన కొలతను వారికి పెట్టుటయే. ఉపాధ్యాయులమైన మేము ఈ నియమమునుండి నేర్చుకొనవలసినది చాల కలదు.

అజయ్ కుమార్ రెడ్డి నాయకత్వమున మన దేశపు జట్టు 2017 లో బెంగుళూరునందు ఇరువది ఓవర్ల ప్రపంచకప్పు చివరి యాటలో పాకిస్తానును 9 వికెట్లతో ఓడించెను. 2018 లో షార్జాయందు ఏబది ఓవర్లలోని ఆటల కప్పును, 2022 లో మరల ఇరువది ఓవర్ల కప్పును గెలిచెను. 2023 వ సంవత్సరపు అర్జున పురస్కారము అతనికి ప్రకటింపబడి, 2024 జనవరి 9 వ తేదీని రాష్ట్రపతిచేత నీయబడెను.

మచిలీపట్నము చెంతనున్న సీతారామపురము మన కృష్ణామండలములోనిదే. పుట్టుకతోనే చూపు లేని బొల్లా శ్రీకాంత్ ఆ గ్రామమున రైతుల యింట జన్మించి, హైదరాబాదులోని దేవనార్ అంధుల పాఠశాలలో చదివెను. పదవ తరగతి పిమ్మట విజ్ఞానశాస్త్రమును చదువుట కతనికి అనుమతి దొరకలేదు. అతడు న్యాయస్థానము నాశ్రయించి హక్కును సంపాదించి, ఇంటర్మీడియెటులో నూటికి 98 మార్కులు తెచ్చుకొనెను. పిదప అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున చదివి, 2012 లో హైదరాబాదునందు బొల్లాంట్ పరిశ్రమను స్థాపించి, అంగవైకల్యము గల యనేకులకు పని కల్పించెను. 2017 లో ఫోర్బ్సు పత్రిక ఆసియాలోని ముప్పది యేండ్లలోపు ప్రముఖుల పట్టికలో అతని పేరు చేర్చెను.

ఇక మూడవ సంగతి. వరంగల్లు ప్రాంతమునందలి కల్లెడ గ్రామపు జీవంజి దీప్తి బుద్ధివికాసమున కొంత వెనుకబడిన బాలిక. ఊరివారు కొందరు ఆమెను ఎగతాళి చేసిరి. ఆమె చదివినది సామాన్య పాఠశాలయే. కాని అచ్చటి వ్యాయామోపాధ్యాయుడు ఆమె పరుగును కనిపెట్టెను. 2024 మే నెలలో జపానులోని కోబెయందు ఆమె 400 మీటర్లను 55.07 సెకండ్లలో పరుగెత్తి, తన విభాగమున ప్రపంచ రికార్డును నెలకొల్పెను. ఆ సంవత్సరమే పారిసు పారాలింపిక్సులో కంచు పతకమును గెలిచెను. అర్జున పురస్కారము ఆమెకును లభించెను.

ఈ మూడింటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఒక సంగతి తేటపడును. "గుర్తింపు" అను మాటను మనము బిరుదమునకు వాడుచున్నాము. కాని గుర్తించుట యనగా మొదట కనుగొనుట. ఢిల్లీలో పతకము పెట్టుటకు ఎన్నో యేండ్ల ముందే, పాఠశాలలో ఎవరో ఒకరు ఆ బిడ్డను కనుగొనిరి. చుక్కల యక్షరములపై చిన్న వ్రేళ్లను నడిపించిన ఉపాధ్యాయునికి పతకము లేదు. అయినను ఆ పని లేక ఈ పతకములు లేవు.

మేమును మమ్ము పరీక్షించుకొనవలసియున్నది. వెనుక బెంచీమీద బోర్డు కానక కూర్చున్న బాలుని సోమరియని మేమెన్నిసార్లు తలంచితిమో! 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము, నిర్ణీత స్థాయి వైకల్యము గల బిడ్డకు 6 మొదలు 18 ఏండ్ల వరకు సమీప పాఠశాలలోగాని, కోరిన ప్రత్యేక పాఠశాలలోగాని ఉచితముగా చదువుకొను హక్కు కలదు. కావున తల్లిదండ్రులారా, బిడ్డను దాచకుడు, బడికి తీసికొనిరండు. విద్యార్థులారా, ప్రక్కవాడు తడబడినప్పుడు నవ్వకుడు. వానికి తగిన యాట నొకటి కనిపెట్టుడు. రాబోవు బహుమతి దినమున పిలువబడు పేర్లలో అట్టి పేరొకటి యుండునట్లు చేయుట మన యందరి పని.