రాత్రి కోత.. తెల్లారితే వార్త

పొద్దున్నే పాలు పితికి వచ్చి టీవీ పెడితే అప్పటికే వార్తలు సిద్ధం. రాత్రి కురిసిన వడగళ్లు, నేలరాలిన మామిడి, బోల్తా పడిన లారీ.. అన్నీ కళ్లకు కట్టినట్లు కనిపిస్తాయి. వార్తలు చదివేవారి ముఖం అందరికీ తెలుసు. ఆ దృశ్యాలను కోసి, అతికి, వరుసలో పెట్టిన మనిషి మాత్రం ఎవరికీ తెలియడు. ఆయనే వీడియో ఎడిటర్. ఊళ్లన్నీ పడుకునే వేళకు ఆయన డ్యూటీ ఎక్కుతాడు.

హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. 1995లో ఈటీవీ, 2004లో టీవీ9 వచ్చాయి. క్రమంగా 24 గంటల వార్తల చానళ్లు పెరిగాయి. వార్తకు రాత్రీ పగలూ తేడా లేకుండా పోయింది. ఎడిటింగ్ గదికి తాళం పడటం లేదు.

టేపుల కాలంలో రెండు మిషన్లు పక్కపక్కన ఉండేవి. ఒకదానిలో టేపు తిరుగుతుంటే కావలసిన ముక్కను రెండోదానిలోకి ఎక్కించేవారు. మధ్యలో ఒక ముక్క మరిచిపోతే అక్కడి నుంచి చివరిదాకా మళ్లీ ఎక్కించాల్సిందే. ఇప్పుడు ఆ పని కంప్యూటరు మీద జరుగుతోంది. ముక్కను ఎటైనా జరపవచ్చు. విలేకరి ఊళ్లో నుంచే ఫోన్లో దృశ్యాలు పంపుతున్నాడు. సౌకర్యం పెరిగింది. తొందర అంతకంటే పెరిగింది.

మన టీవీలో సెకనుకు 25 బొమ్మలు కదులుతాయి. నిమిషంన్నర వార్త అంటే 2,250 బొమ్మలు. ఎంత పొడుగు దృశ్యం వచ్చినా అందులోకి కుదించాలి. మాటకు తగిన బొమ్మే పడాలి. నిన్నటి వడగళ్ల వార్తకు ఎప్పటిదో తుపాను బొమ్మ వేస్తే నష్టపోయిన రైతును వెక్కిరించినట్లే.

అసలు పరీక్ష వేరే ఉంది. అత్యాచారానికి గురైన మహిళ ఎవరో తెలిసేలా చూపడం, చట్టం అనుమతించిన సందర్భాల్లో తప్ప, నేరం. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం బాధిత పిల్లల పేరు, ఫొటో, చిరునామా, కుటుంబం, బడి వంటి వివరాలు బయట పెట్టకూడదు. అందుకే ముఖం ఒక్కటే మసక చేస్తే చాలదు. గోడ మీది ఊరి పేరు, బడి దుస్తులు, వాకిట్లో నిలబడిన తల్లి.. అన్నీ చూసుకోవాలి. పట్నంలో ఎవరూ పోల్చుకోలేకపోవచ్చు. ఊళ్లో మాత్రం ఇంటి అరుగు కనిపిస్తే చాలు, ఎవరిదో చెప్పేస్తారు. తెల్లవారుజామున మూడు గంటలకు, రెప్పలు బరువెక్కే వేళ, మసక జారిన ఆ ఒక్క సెకనును పట్టుకోవాలి.

ఈ కష్టం ఒంటి మీద పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ రాత్రి షిఫ్టును బహుశా కాన్సర్‌కు దారితీసే వాటిలో ఒకటిగా 2007లో చేర్చింది. 2019లో మరోసారి పరిశీలించి అదే మాట చెప్పింది. పగలు పడుకున్నా ఎండ, చప్పుడు నిద్ర పట్టనివ్వవు. రాత్రి కరెంటు కోసం మోటారు దగ్గర కాపు కాసిన రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

తెర మీద మసక కనిపిస్తే సరిగా చూపలేదని విసుక్కోనక్కరలేదు. ఒక ఇంటి పరువు, ప్రశాంతత కోసం వేసిన తెర అది. ఊళ్లో ఏదైనా జరిగితే ఫోన్లో తీసి పదిమందికీ పంచేవారు కూడా పంపేముందు ఒక్క నిమిషం ఆగాలి. వారి వీడియోను రాత్రంతా మేలుకొని సరిచూసే ఎడిటర్ ఎవరూ లేరు.