గోధుమ పడని బిడ్డకు డబ్బాలో ఏం పెట్టాలి?

పొద్దున షిఫ్టుకు పోయేవాళ్ళకూ, బడికి పోయే పిల్లలకూ ఒకేసారి డబ్బాలు కట్టాలి. నాలుగు చపాతీలు, ఇంత కూర వేసి మూత పెడితే పని అయిపోయినట్టే. మన సోలాపూర్ ఇండ్లల్లో చాలావరకు ఇదే లెక్క. మరి ఆ చపాతీయే పడని బిడ్డ ఇంట్లో ఉంటే?

మా గల్లీలో ఆరో తరగతి చదివే పాప ఉంది. రెండేళ్ళు పొట్ట ఉబ్బరం, మాటిమాటికీ విరేచనాలు. ఎంత తిన్నా ఒంటికి పట్టేది కాదు. తోటి పిల్లలు ఎదుగుతుంటే ఈ పాప అట్లనే ఉండిపోయింది. పురుగులని మందు పోశారు, రక్తం తక్కువని ఐరన్ గోళీలు మింగించారు, దిష్టి కూడా తీశారు. చివరికి రక్త పరీక్ష, ఆ తర్వాత గొట్టం వేసి పేగు ముక్క తీసి చేసే పరీక్ష చేస్తే తేలింది, సీలియాక్ జబ్బు అని.

గోధుమలో గ్లూటెన్ అనే పదార్థం ఉంటుంది. చపాతీ పిండి సాగేది దానివల్లే. బార్లీలో కూడా ఇలాంటిదే ఉంటుంది. ఈ జబ్బు ఉన్నవాళ్ళు గ్లూటెన్ తింటే చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. అప్పుడు తిన్న తిండి ఒంటికి పట్టదు. దీనికి గోళీ లేదు. జన్మంతా గోధుమ మానెయ్యడమే మందు. మానేస్తే పేగు మెల్లగా కోలుకుంటుంది, బిడ్డ మళ్ళీ ఎదుగుతుంది.

ఒక మాట గుర్తుంచుకోండి. అనుమానం ఉందని పరీక్షకు ముందే గోధుమ ఆపెయ్యకండి, జబ్బు ఉన్నా పరీక్షలో బయటపడకపోవచ్చు. జబ్బు లేనివాళ్ళు ఊరికే చపాతీ మానాల్సిన పని కూడా లేదు.

డాక్టరు చెప్పిన రోజు పాప తల్లి ఒకటే ఏడుపు. "ఇక దీనికి డబ్బాలో ఏం పెట్టాలె? పెద్ద దుకాణాల్లో అమ్మే ఆ ఖరీదు పాకెట్లు మనం కొనగలమా?" అని. అప్పుడు వాళ్ళ అత్తమ్మ అన్న మాట ఇది: "మా చిన్నప్పుడు చపాతీ పండుగకే. రోజూ జొన్న రొట్టెనే గదా! దాంతోనే పెరిగినం."

పెద్దామె మాట నిజం. జొన్న, సజ్జ, తైదలు, బియ్యం, అటుకులు, పప్పులు, పల్లీలు, వీటిలో వేటిలోనూ గ్లూటెన్ లేదు. తెలంగాణ నుంచి మన తాతలు మోసుకొచ్చిన వంటలో సగం గోధుమ లేనిదే.

మధ్యాహ్నానికీ మెత్తగా ఉండే జొన్న రొట్టె

పిల్లలు జొన్న రొట్టె వద్దనేది అది డబ్బాలో గట్టిపడుతుందనే. దానికి ఉపాయం ఉంది. గ్లాసు నీళ్ళలో ఉప్పు, చెంచా నూనె వేసి మరిగించండి. గ్లాసు జొన్న పిండి పోసి, కలిపి, మంట ఆపి, పది నిమిషాలు మూత పెట్టండి. చెయ్యి పట్టేంత వేడి ఉన్నప్పుడే బాగా పిసికి, పొడి జొన్న పిండి చల్లుకుని రొట్టె తట్టండి. పెనం మీద వేశాక పైన నీళ్ళు తడిపి, ఆరగానే తిప్పండి. కాలిన రొట్టెను బట్టలో చుట్టి డబ్బాలో పెడితే మధ్యాహ్నానికి కూడా మడత పడుతుంది. పక్కన పల్లీల చట్నీ, పెరుగు ఉంటే చాలు.

సర్వపిండి

రెండు గ్లాసుల బియ్యప్పిండికి గంటసేపు నానిన శనగపప్పు గుప్పెడు, వేయించి కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు గుప్పెడు, రెండు చెంచాల నువ్వులు, ఉల్లిగడ్డ తరుగు, కరివేపాకు, కారం, ఉప్పు వేసి నీళ్ళతో ముద్ద చెయ్యండి. చల్లని మందపాటి గిన్నెకు నూనె రాసి, ముద్దను పల్చగా ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి, ఒక్కో బొక్కలో రెండు చుక్కలు నూనె వెయ్యండి. మూత పెట్టి సన్న మంట మీద అడుగు ఎర్రబడే దాకా ఉంచండి. రెండోది ఒత్తే ముందు గిన్నె చల్లారాలి. అందుకే రెండు గిన్నెలు ఉంటే పొద్దున పని తొందరగా తెములుతుంది.

మిగతా రోజులు

అటుకుల పోహా, సాబుదానా కిచిడీ, పులిహోర, పెరుగన్నం, పెసరట్టు, ఇంట్లో రుబ్బిన పిండితో ఇడ్లీ, దోశ. ఆరు రోజులకు ఆరు రకాలు మన పొయ్యి మీదనే ఉన్నాయి. పాకెట్ అవసరం లేదు.

అసలు చిక్కు గిర్నిలో ఉంది

ఇంత చేసినా పాపకు నెల తిరగకుండానే మళ్ళీ కడుపునొప్పి వచ్చింది. జొన్నలు మంచివే. కానీ గిర్నిలో అంతకు ముందు గోధుమలు పట్టారు. చక్కి రాళ్ళలో, గొట్టంలో మిగిలిన గోధుమ పిండి జొన్న పిండిలో కలిసింది. సీలియాక్ ఉన్నవాళ్ళకు అంత కొంచెమైనా ముప్పే. ఇప్పుడు ఆ తల్లి జొన్నలను చాటలో పోసి, కలిసిన గోధుమ గింజలు ఏరి, కడిగి ఆరబెట్టి, ఇంట్లో మిక్సీలోనే పడుతోంది. పిండి కొంచెం బరకగా వస్తుంది, వేడి నీళ్ళతో కలిపితే సర్దుకుంటుంది. జొన్నలకూ బియ్యానికీ మాత్రమే వేరే చక్కి పెట్టిన గిర్ని దొరికితే అక్కడ పట్టించుకోవచ్చు.

ఇంట్లో కూడా అంతే. పాపకు పెనం, జల్లెడ, పిండి డబ్బా వేరుగా ఉండాలి. చపాతీ పిండి అంటిన చెయ్యి కడుక్కున్నాకే ఆమె రొట్టె ముట్టాలి.

కనబడని గోధుమ

ఉప్మా రవ్వ, సేమియా, మైదా, పావ్, బిస్కెట్లు, టోస్ట్ అన్నీ గోధుమే. గుళ్ళో పెట్టే రవ్వ శీరా కూడా. డబ్బాలో అమ్మే ఇంగువలో చాలావాటికి గోధుమ పిండి కలుపుతారు, అందుకని పోపులో ఎల్లిగడ్డ వేసుకోండి. పాలలో కలిపే మాల్ట్ పొడులు ఎక్కువగా బార్లీతో చేసినవే. చైనీస్ బండి మీది సోయా సాస్‌లో కూడా గోధుమ ఉంటుంది. పాకెట్ కొంటే వెనుక రాసింది చదవండి. గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదని మన దేశంలో నియమం ఉంది.

చుట్టాలకో మాట

ఈ జబ్బులో తిండి కన్నా కష్టం మనుషులతోనే. "ఒక్క ముక్క తింటే ఏమైతది?" అని పెండ్లిలో ఒకరు, "ప్రసాదం వద్దంటరా?" అని ఇంకొకరు. ఆ బిడ్డ వద్దంటే పొగరు అనుకుంటారు, తింటే రాత్రంతా కడుపు పట్టుకుని ఏడుస్తుంది. పైకి ఏమీ కాకపోయినా లోపల పేగు దెబ్బతింటుంది. బడిలో టీచరమ్మకు ముందే చెప్పిపెట్టండి, పిల్లలు డబ్బాలు మార్చుకుంటారు గదా.

అలాంటి బిడ్డ మీ ఇంటికి వస్తే బలవంతం చెయ్యకండి. చేతిలో ఒక అరటిపండో, గుప్పెడు వేయించిన పల్లీలో పెట్టండి. తినలేనిది అడగకుండా, తినగలిగేది పెట్టడం కన్నా మర్యాద ఏముంటుంది?