వెళ్ళడానికి ఎనిమిది గంటలు, రావడానికి ఏడే!

2019 మేలో మా చెల్లెలి పురుడుకి అమెరికా వెళ్ళాను. అమ్మ లేదు. పెద్దదాన్ని, నేను కాక ఇంకెవరు వెళతారు చెప్పండి? హైదరాబాదు నుంచి లండన్, అక్కడ విమానం మారి న్యూయార్క్. డాక్టరు చెప్పిన తేదీకి ఇంకా పది రోజులుంది కదా అని నిబ్బరంగానే బయల్దేరాను. హీత్రూలో దిగి ఫోను చూస్తే మరిదిగారి కబురు... "వదినగారూ, నొప్పులు మొదలయ్యాయి. హాస్పిటల్‌కి తీసుకెళ్తున్నాను."

కాళ్ళూ చేతులూ ఆడలేదు. టికెట్టు తీసి చూశాను. మధ్యాహ్నం 12కి బయల్దేరి 3 గంటలకి చేరుతుందని ఉంది. అమ్మయ్య, మూడు గంటలేగా అనుకున్నాను! పక్క సీటు గుంటూరు అబ్బాయి నవ్వి, "కాదు ఆంటీ, న్యూయార్క్ టైము లండన్ కంటే 5 గంటలు వెనక. మొత్తం 8 గంటల ప్రయాణం" అన్నాడు. నా తిరుగు టికెట్టులో మాత్రం 7 గంటలే ఉంది. అదే సముద్రం, అదే 5,550 కిలోమీటర్లు, మరి గంట తేడా ఎందుకు?

గాలి వల్లట. విమానాలు ఎగిరే ఎత్తులో, అంటే సుమారు పది కిలోమీటర్ల పైన, పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి వీస్తూ ఉంటుంది. ఒక్కోసారి గంటకి 300 కిలోమీటర్లు కూడా దాటుతుంది. అమెరికా వెళ్ళేవాళ్ళకి ఎదురుగాలి, వచ్చేవాళ్ళకి వాలుగాలి. గోదావరిలో ఏటికి ఎదురు పడవ నడిపినట్టన్నమాట. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలి తోడై, ఒక జంబో జెట్ న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లోనే వచ్చేసింది!

ఇంకో గాభరా. ముందున్న తెర మీద మ్యాపులో మా విమానం తిన్నగా పోకుండా పైకి, గ్రీన్‌లాండ్ వైపు వంపు తిరిగింది. దారి తప్పిందేమో అనుకున్నాను. అసలు దగ్గర దారి అదేనట. నమ్మకపోతే పిల్లల గ్లోబు మీద ఈ రెండు ఊళ్ళకీ దారం బిగించి చూడండి, నేను ఇంటికొచ్చాక చూశాను. అదీకాక ఎదురుగాలిని తప్పించుకోవడానికి కూడా ఒక్కోసారి ఇంకాస్త ఉత్తరంగా పోతారట.

అన్నట్టు, అన్నేసి గంటలు కదలకుండా కూర్చోకండి. కాళ్ళు వాస్తాయి, రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఉంది. మధ్యమధ్య లేచి నడవండి, మంచినీళ్ళు తాగండి. నేను మాత్రం ఆ రోజు నీళ్ళ కోసం కాదు, కుదురు లేక నడిచాను.

న్యూయార్క్‌లో దిగేసరికి పాప పుట్టేసింది. ఉదయం 11 గంటల 20 నిమిషాలకి. ఇక్కడ నాన్నగారు పంచాంగం ముందేసుకుని ఏ టైము రాయాలని ఒకటే ఫోన్లు. అప్పుడు హైదరాబాదులో రాత్రి 8.50. పుట్టిన ఊరి టైమే రాయాలి నాన్నా అంటే వినరే! రెండూ రాసుకున్నారు. లండన్ లెక్కలో అయితే సాయంత్రం 4.20. సరిగ్గా అప్పుడు నేను సముద్రం మధ్యన, తల్లికి పెట్టాల్సిన కాయం సీసా ఒళ్ళో పట్టుకుని, తెర మీద నిమిషాలు లెక్కపెడుతున్నాను.