కేన్స్ చిత్రోత్సవమున స్త్రీల పాలు

ఫ్రాన్సు దేశపు దక్షిణమున, మధ్యధరాసముద్రతీరమున, కేన్స్ అను పట్టణము కలదు. ఏటేట మే నెలలో ఇంచుమించు పండ్రెండు దినములు అచ్చట ప్రపంచ చలనచిత్రోత్సవము జరుగుచుండును. ఆ దినములలో మన వార్తాపత్రికలు తిరుగవేసినచో, ఎఱ్ఱతివాచిమీద నడచు తారల చీరలు, గౌనులు, నగలు, కేశాలంకారములు తప్ప వేఱొకటి కానరాదు. ఆ బొమ్మలు చూచి ఆనందింపవలదని మేమనము. కాని ఆ తివాచి ఏ గుమ్మమునకు దారి తీయుచున్నదో, గుమ్మము లోపల ఏమి జరుగుచున్నదో, అందు స్త్రీకి దక్కిన పాలెంతయో మన సోదరీమణులు తెలిసికొనుట యుక్తమని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ యుత్సవము ఒక కలహమునుండి పుట్టినది. ఇట్టి వేడుక మొదట ఇటలీలోని వెనిస్ నగరమున 1932లో ఆరంభమయ్యెను. 1938లో అచ్చటి పెద్ద బహుమానములు ముస్సోలినీ పేరిట నుండెను. అవి ఒక జర్మను చిత్రమునకు, ఒక ఇటలీ చిత్రమునకు దక్కెను. తీర్పు కళను బట్టి గాక ప్రభుత్వముల మాటను బట్టి జరిగినదని తక్కిన దేశములవారు కినుక వహించిరి. స్వేచ్ఛగా తీర్పు చెప్పుటకు వేఱొక స్థలము కావలెనని ఫ్రెంచివారు కేన్స్ పట్టణము నెంచుకొనిరి. 1939 సెప్టెంబరు 1వ తేదీన ఆరంభము కావలసియుండగా, ఆ దినముననే హిట్లరు సైన్యములు పోలండుమీద బడెను. ఉత్సవమాగిపోయెను. యుద్ధము ముగిసిన పిమ్మట 1946 సెప్టెంబరులో మొదటిసారి జరిగెను. న్యాయమైన తీర్పుకొఱకు పుట్టిన సంస్థ గనుక, దాని తీర్పులలో స్త్రీకి న్యాయము జరిగినదా యని యడుగుట తప్పు గాదు.

ఆ మొదటి యేటనే మన దేశమునకు గౌరవము లభించెను. నాడు పెద్ద బహుమానమును 11 చిత్రములకు పంచి యిచ్చిరి. వానిలో చేతన్ ఆనంద్ తీసిన ‘నీచా నగర్’ ఒకటి. మీదిభాగమున మేడలో నుండు ధనికుడు మురుగునీటిని పల్లమునందలి పేదవాడలోనికి మళ్లించుటయు, రోగములు ప్రబలుటయు అందలి కథ. కామినీ కౌశల్ అను నటీమణికి అదియే తొలి చిత్రము. ఆ యుత్సవముననే బార్బరా వర్జీనియా యను పోర్చుగీసు యువతి తాను దర్శకత్వము వహించిన ‘దేవుడు లేని మూడు దినములు’ అను చిత్రముతో వచ్చెను. అప్పటి కామెకు ఇరువదిమూడేండ్లు నిండలేదు. ఆమె చిత్రములో నేడు కొంతభాగము మాత్రమే మిగిలియున్నది. దానికిని ధ్వని లేదు.

ఇక ఉత్సవము నడచు తీరు. ఏటేట వేలకొలది చిత్రములు పరిశీలనకు వచ్చును. వానినుండి ప్రధానమైన పోటీకి ఇరువది చిత్రములకు కొంచె మటునిటుగా ఏర్చెదరు. దర్శకులు, నటీనటులు మున్నగు తొమ్మండుగురు తీర్పరులు అన్నియు చూచి, రహస్యముగా చర్చించి, చివరినాడు ఫలితము వెల్లడింతురు. అన్నిటికంటె గొప్పది ‘స్వర్ణతాళపత్ర’ బహుమానము. ఆ పట్టణపు చిహ్నములో తాళవృక్ష ముండుటచే 1955 నుండి ఆ యాకృతిని పెట్టిరి. ఉత్సవముతోపాటే చిత్రముల క్రయవిక్రయములకు పెద్ద సంత జరుగును. అచ్చట పేరు వచ్చిన చిత్రమును పలుదేశములవారు కొందురు. దానిని తీసినవారికి రెండవ చిత్రమునకు పెట్టుబడి దొరకును. కావున పోటీకి ఎన్నికగుట కీర్తి మాత్రమే కాదు, జీవనోపాధి కూడ.

ఈ యెన్నికలో స్త్రీలెందఱు? తివాచిమీద నిలుచుటకు వారికెన్నడును కొదువ లేదు. తీర్పరుల సంఘమునకు ఒక స్త్రీ అధ్యక్షత వహించుట 1965లో ఒలీవియా డి హావిలాండ్ తోనే మొదలు. స్వర్ణతాళపత్రము ఒక స్త్రీ చేతికి వచ్చుటకు 1993 వఱకు ఆగవలసివచ్చెను. న్యూజీలండు దేశీయురాలగు జేన్ కాంపియన్ ‘ది పియానో’ అను చిత్రమునకు దానిని పొందెను. అదియు ఒక చైనా చిత్రముతో సగము పాలు. మాటలాడని ఒక స్త్రీ, తానెన్నడు చూడని వరునికొఱకు, కూతురితోను పియానోతోను సముద్రము దాటి పోవును. ఆ వాద్యమే ఆమెకు నోరు. భర్త దానిని పొరుగువాని కిచ్చి బదులుగా భూమి పుచ్చుకొనును. ఇంటిలోని ఏ వస్తువు విలువ ఎవరు కట్టుచున్నారను ప్రశ్న మన యిండ్లకు క్రొత్తది గాదు గదా!

2018 మే 12వ తేదీ సాయంకాలమున ఉత్సవమందిరపు మెట్లమీద 82 మంది స్త్రీలు చేయి చేయి పట్టుకొని యెక్కి, నడుమ ఆగి మౌనముగా నిలిచిరి. దర్శకురాండ్రు, నటీమణులు, రచయిత్రులు వారిలో నుండిరి. 1946 నుండి ఆనాటివఱకు పోటీలో నిలిచిన దర్శకురాండ్ర లెక్క 82 మాత్రమే యనియు, పురుషుల లెక్క 1,600 దాటినదనియు లోకమునకు చూపుటకే వారట్లు నిలిచిరి. నూటికి అయిదుగురైనను లేరన్నమాట! ఆ యేటి తీర్పరుల అధ్యక్షురాలు కేట్ బ్లాంచెట్, తొంబదేండ్లకు చేరువైన ఫ్రెంచి దర్శకురాలు ఆన్యెస్ వార్దా ప్రకటన చదివిరి. రెండు దినములకే ఉత్సవాధికారులు ఒక ఒడంబడికమీద సంతకము చేసిరి. ఏటేట వచ్చిన చిత్రములలో స్త్రీలవెన్నియో లెక్క ప్రకటించుట, ఏరువారి పేర్లు దాచకుండుట అందలి షరతులు. పద్దు వ్రాయనిదే వృథావ్యయము తెలియదని గృహిణులకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

పిమ్మట 2021లో జూలియా దుకూర్నో, 2023లో జుస్తీన్ త్రియే స్వర్ణతాళపత్రమును పొందిరి. 1955 నుండి 2025 వఱకు ఆ బహుమానమందిన దర్శకురాండ్రు ఈ మువ్వురే. త్రియే చిత్రమున, భర్త మరణమునకు కారణమని నింద మోపబడిన ఒక రచయిత్రి న్యాయస్థానమున నిలుచును. విచారణ సాగినకొలది, బిడ్డను చూచుకొన్నదెవరు, వ్రాసికొనుటకు తీరిక ఎవరికి దక్కినది యను దంపతుల లెక్కలన్నియు బయటపడును.

మన దేశపు సంగతి. 1956లో సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలీ’కి ఉత్తమ మానవజీవితచిత్రమను గౌరవము దక్కెను. 1988లో మీరా నాయర్ ‘సలామ్ బాంబే’కు తొలిచిత్ర బహుమానము వచ్చెను. 2024లో పాయల్ కపాడియా తీసిన ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’ ద్వితీయ బహుమానమగు గ్రాంప్రీ నందెను. ముప్పదేండ్ల పిమ్మట ప్రధానమైన పోటీకి ఎన్నికైన భారతీయచిత్ర మది. ఈమె మన మదనపల్లె దగ్గఱి ఋషివ్యాలీ పాఠశాలలో చదివినదని తెలిసి మేము సంతసించితిమి. చిత్రమున ముంబయి ఆసుపత్రిలోని మలయాళీ నర్సు ప్రభ. పెద్దలు కుదిర్చిన భర్త జర్మనీకి పోయి, మాట పలుకు మానెను. ఒకనాడు ఆ దేశమునుండి అన్నము వండు విద్యుత్పాత్ర వచ్చును, ఉత్తరము లేదు. రాత్రి ఒంటరిగా ఆమె దానిని కౌగిలించుకొని కూర్చుండును. ఆ యాసుపత్రి వంటమనిషి పార్వతి వితంతువు. ఏండ్లతరబడి కాపురమున్న యింటికి ఆమె పేర కాగితము లేకపోవుటచే వెడలవలసి వచ్చును. ఈ రెండు సంగతులు ఏ రాజుల చరిత్రలోను దొరకవు. మన వాడలలోనే యున్నవి. వానిని చూచి, ఇది చిత్రము కాదగినదని తలంచుటకు ఒక స్త్రీ కావలసివచ్చెను. ఆమెయే 2025లో కేన్స్ తీర్పరులలో ఒకతెగా కూర్చుండెను.

“ఇల్లాలికి ఈ గొడవ లేల?” యని కొందఱనవచ్చును. తెఱమీద మన వంటిల్లు, మన కన్నీరు ఏనాటినుండియో కనబడుచున్నవి. వానిని చూపువారు, మంచిచెడ్డలు నిర్ణయించువారు మాత్రము మనవారు కారు. చిత్రమునకు పోయినప్పుడు తారల పేర్లతోపాటు దర్శకుల పేరును చదువుడు. ఏ స్త్రీయైన తీసిన మంచి చిత్రము ఊరికి వచ్చినచో ఇరుగుపొరుగువారిని వెంటబెట్టుకొని పొండు. మీ బాలిక ఛాయాగ్రహణయంత్రము కావలెనని మారాము చేసినచో, “ఆడపిల్లకు ఎందుల”కని వెంటనే త్రోసిపుచ్చకుడు. పూనాలో 1960 నుండి ఈ విద్య నేర్పు ప్రభుత్వసంస్థ కలదు. పాయల్ కపాడియా అచ్చటనే నేర్చినది. అట్టి చదువునకు పిల్లను పంపవలెనా వలదా యను తీర్పు మాత్రము కేన్స్ పట్టణమున గాక మన యింటి నడవలోనే జరుగును. ఆ తీర్పున తల్లి మాటయు చెల్లవలెనని మా కోరిక.