మంచు కట్టిన బాటపై సైకిలు

ఫిన్లాండు దేశమున ఉత్తరముగా, బోత్నియా సింధుశాఖ యొడ్డున, 65 డిగ్రీల ఉత్తర అక్షాంశమున ఔలు అను పట్టణమొకటి కలదు. రెండు లక్షలకు పైబడిన జనులు నివసించు ఆ పట్టణమున ఇంచుమించు ఐదు నెలలు నేల హిమముచే కప్పబడియుండును. డిసెంబరు మూడవ వారమున సూర్యుడు ఇంచుమించు మూడున్నర గంటలు మాత్రమే దర్శనమిచ్చును. అయినను, ఉదయము బడివేళకు అక్కడి వీథులలో నిలిచి చూచువారికి, ఉన్నిటోపీలు ధరించి, వీపున పుస్తకపు సంచులు తగిలించుకొని, బారులు తీరి సైకిళ్లపై సాగిపోవు బాలబాలికలు కనిపింతురు. సున్నకు 17 డిగ్రీలు దిగువనున్న చలిదినమున అక్కడి మెట్సొకాంగస్ పాఠశాల ముంగిట నిలిపిన సైకిళ్ల ఛాయాచిత్రమొకటి కొన్ని యేండ్ల క్రిందట లోకమంతట ప్రచారమైనది. ఆ బడిలోని 1,200 మంది పిల్లలలో వేయిమంది వరకు శీతకాలమునను సైకిళ్లమీదనే వత్తురని దానితోపాటు తెలియవచ్చినది. శీతకాలపు సైకిలు ప్రయాణమును గూర్చి చర్చించుటకు వివిధ దేశముల నిపుణులు 2013లో తమ మొట్టమొదటి మహాసభను జరుపుకొన్నదియు ఆ పట్టణముననే.

ఈ సంగతి మనకేల యని తలపరాదు. మన జిల్లాలనుండి స్వీడను, ఫిన్లాండు, జర్మనీ, కెనడా దేశములకు చదువులకును ఉద్యోగములకును వెళ్లు యువతీయువకులు నానాట పెరుగుచున్నారు. వారిలో పలువురు బస్సు ఖర్చు కలసివచ్చునని చేరిన కొలదికాలమునకే పాతసైకిలు నొకటి కొనుక్కొందురు. సైకిలు తొక్కుట వారికి చిన్ననాటినుండి అలవడిన విద్యయే; కాని ఆ విద్య తారుబాట మీదను, మట్టిదారుల మీదను నేర్చినది. గడ్డకట్టిన నీటిమీద అదే విద్యను అదే విధముగా ప్రయోగించినచో, తొలి మలుపులోనే మోచేయియో మణికట్టో విరుగుట సంభవించును. ఔలు బాలురకు పుట్టుకతో వచ్చిన సాహసమేదియు లేదు. వారికున్నది అలవాటు, తగిన టైర్లు, తెల్లవారకముందే శుభ్రపడిన బాట. ఈ మూడింటి వెనుకనున్న ప్రకృతిధర్మములను తెలిసికొన్నచో మనవారును అట్లే సుఖముగా తిరుగవచ్చును.

మంచుగడ్డ యేల జారును? అడుగుటకు సులభమైన ఈ ప్రశ్న శాస్త్రజ్ఞులను నూటయేబది యేండ్లకు పైగా ఆలోచింపజేసినది. కరుగు స్థితిలోనున్న రెండు మంచుగడ్డలను తాకించినచో అవి అతుకుకొని ఒక్కటియగుటను గమనించి, మంచుగడ్డ ఉపరితలమున నీటివంటి పలుచని పొర యొకటి సహజముగనే యుండునని 1850లో మైకేల్ ఫారడే ప్రతిపాదించెను. తరువాత 1886లో జాన్ జోలీ అను ఐర్లండు శాస్త్రజ్ఞుడు, మంచుపై జారు ఆటగాని పాదరక్షలకున్న ఉక్కు అలుగు ఒత్తిడిచే మంచు కరుగుననియు, ఆ నీరే జారుడుకు హేతువనియు చెప్పెను. ఈ రెండవ వాదమే పాఠ్యపుస్తకములలో చిరకాలము చలామణి యైనది గాని, లెక్కకట్టి చూచినచో సైకిలు విషయమున అది బొత్తిగా నిలువదు. ఒక వాతావరణ పీడనము అదనముగా పడినప్పుడు మంచు కరుగు ఉష్ణోగ్రత 0.0075 డిగ్రీ మాత్రమే దిగును. టైరు నేలపై మోపు ఒత్తిడి దానిలోని గాలి ఒత్తిడికి ఇంచుమించు సమానము. కావున నాలుగు వాతావరణముల మేర గాలి కొట్టిన టైరు క్రింద ఆ దిగుదల 0.03 డిగ్రీకి మించదు. అంతమాత్రమున 10 డిగ్రీల చలిలోని మంచు కరుగునా? 1939లో బౌడెన్, హ్యూస్ అను ఇంగ్లండు పరిశోధకులు స్విట్జర్లండులోని యుంగ్‌ఫ్రావ్ కనుమయందు మంచుగుహలో ప్రయోగములు సలిపి, రాపిడివలన పుట్టు వేడిమియే పైపొరను కరగించునని నిరూపించిరి. నేడు శాస్త్రజ్ఞులు రాపిడి వేడిమితోపాటు ఫారడే చెప్పిన సహజపు పొరకును ప్రాధాన్యమిచ్చుచున్నారు: మంచుగడ్డ పైయంచున నుండు అణువులకు పైవైపున పట్టుకొనదగిన తోడు లేనందున అవి లోపలి అణువులంత గట్టిగా కుదురుకొనక, సగము ద్రవముగా కదలాడుచుండును. ఉష్ణోగ్రత సున్నకు చేరువైన కొలది ఈ పొర మందమగును. చలి ముదిరిన కొలది సన్నగిల్లును.

ఇందుండి సైకిలు తొక్కువాడు గ్రహింపవలసిన మొదటి సత్యము, మన ఊహకు విరుద్ధముగా తోచునది, ఏదన: మిక్కిలి చలిగానున్న దినము మిక్కిలి ప్రమాదకరమైన దినము కాదు. సున్నకు 15, 20 డిగ్రీల దిగువన అణగద్రొక్కబడిన హిమము గరుకుగా, గట్టిగా నుండి, చక్రము క్రింద కిర్రుకిర్రుమని పలుకును. ఆ ధ్వని హిమస్ఫటికములు కరగి జారుటకు బదులు విరుగుచున్నవనుటకు గుర్తు. సుమారు 10 డిగ్రీల చలికి దిగువననే అది వినిపించును. ఆ సవ్వడి వినబడుచున్నంతసేపు బాట మనకు మేలే చేయుచున్నదని నమ్మవచ్చును. పగలు కొంచెము కరగి, రాత్రి మరల గడ్డకట్టు దినములు, అనగా శీతకాలపు మొదటి వారములును చివరి వారములును, అన్నిటికంటె భయంకరమైనవి.

ఇక సైకిలు సంగతికి వత్తము. రెండు చక్రముల బండి నడుచుచుండగా ఏల పడిపోదు? తిరుగు చక్రముల భ్రమణ ప్రభావమే కారణమని పలువురు తలతురు. 1970లో డేవిడ్ జోన్స్ అను ఇంగ్లండు రసాయన శాస్త్రజ్ఞుడు ముందుచక్రము ప్రక్కన ఎదురుదిక్కునకు తిరుగు మరియొక చక్రమునమర్చి ఆ ప్రభావమును వమ్ముచేసి చూచెను; సైకిలును నడుపుట కప్పుడును సాధ్యమే యైనది. అమెరికా, హాలండు దేశముల పరిశోధకులు 2011లో ప్రకటించిన ప్రయోగము ఇంకొక అడుగు ముందుకు వేసి, ఆ ప్రభావము లేకున్నను తనంత తాను నిలువగల సైకిలును నిర్మించి చూపినది. నిజమైన రహస్యము హ్యాండిలులో నున్నది. అరచేతిపై చీపురును నిట్టనిలువుగా నిలుపు బాలుడు, అది ఒరిగిన ప్రక్కకు అరచేతిని జరుపుచుండునట్లు, మనము తెలిసియు తెలియకయు సైకిలు ఒరిగిన వైపునకు హ్యాండిలును త్రిప్పి, చక్రములను మన బరువు క్రిందికి మరల తెచ్చుచుందుము. ఈ సవరింపు నిమిషమునకు ఎన్నిమార్లో జరుగును. ప్రతిమారును ముందుచక్రము నేలను ప్రక్కవాటుగా నెట్టవలెను, నేల దానిని తిరిగి నెట్టవలెను. గడ్డకట్టిన బాటమీద నేల ఆ పని చేయ నిరాకరించును. వెనుకచక్రము జారినచో తోక ఊగినట్లగును గాని, హ్యాండిలుతో సవరించుకొనుటకు ఒక్క క్షణమైనను చిక్కును. ముందుచక్రము జారినచో సవరించు సాధనమే చేజారినది కనుక, రెప్పపాటులో శరీరము నేలకు తగులును.

ఈ పట్టు ఎంత యనునది ఒక సంఖ్యతో చెప్పుదురు. దానికి ఘర్షణ గుణకమని పేరు. చక్రముపై నున్న బరువులో ఎన్నవ వంతు బలమును నేల అడ్డముగా ఇయ్యగలదో ఆ సంఖ్య తెలుపును. పొడి తారుబాటపై అది 0.7 లేక 0.8, అణగిన హిమముపై 0.2, 0.3 ప్రాంతమున, మంచుగడ్డపై 0.1, నీరు తేలిన మంచుగడ్డపై అందులో సగమునకు దిగవచ్చును. గంటకు 15 కిలోమీటర్ల వేగమున మలుపు తిరుగువానికి పొడిబాటపై రెండున్నర మీటర్ల వ్యాసార్ధము చాలును; మంచుగడ్డపై పదునెనిమిది మీటర్లు కావలెను. పొడిబాటపై 35 డిగ్రీలు ఒరుగుటకు వీలుండగా, ఇచ్చట ఆరు డిగ్రీలైనను ఒరుగరాదు. గంటకు 20 కిలోమీటర్ల వేగమునుండి ఆగుటకు పొడినేలపై మూడు మీటర్ల దూరము సరిపోవుచోట, మంచుగడ్డపై పదునారు మీటర్లు పట్టును. ఈ లెక్కలు చూచినవాడు ముందున్న బస్సునకు ఎంత దూరమున నుండవలెనో తనకు తానే నిర్ణయించుకొనగలడు.

ఇందులో మరియొక సూక్ష్మము కలదు. నా యభిప్రాయమున మిగిలిన జాగ్రత్తలన్నియు దీనినుండియే పుట్టుచున్నవి. నేల ఇయ్యగల పట్టు ఒక్కటే. దానినుండియే బ్రేకునకును, మలుపునకును, త్రొక్కుడునకును పంచవలెను. బ్రేకు గట్టిగా పట్టినచో మలుపునకు మిగులునది లేదు. చక్రము బిగిసి తిరుగుట మానినచో, అది ఏ దిక్కునకు జారుచున్నదో ఆ దిక్కునకు ఎదురుగా మాత్రమే నేల అడ్డుపడును. ప్రక్కవాటు ఆధారము పూర్తిగా నశించును. కావుననే మలుపుకు ముందే, సైకిలు తిన్నగా నున్నప్పుడే, వేగము తగ్గించుకొని, మలుపులో బ్రేకుల నంటక, ఒరుగక, విశాలముగా తిరుగవలెను. ముందు బ్రేకును మరచుట మేలు. వెనుక బ్రేకును కొంచెము కొంచెముగా వాడవలెను. పెడళ్లను వెనుకకు త్రొక్కినచో ఆగు బ్రేకు ఫిన్లాండు సైకిళ్లలో విరివిగా కానవచ్చుట ఊరకనే కాదు: అది వెనుకచక్రముపైననే పనిచేయును, తీగలులేవు కనుక గడ్డకట్టదు, దళసరి చేతొడుగులలోని మొద్దుబారిన వ్రేళ్లపై ఆధారపడదు.

బాటను చదువుట వేరొక విద్య. తారు నల్లగా మెరయుచు, తడిసినట్లు కనబడుచు, పోవు కార్ల చక్రములనుండి తుంపరలు లేవకున్నచో, అది తడి కాదు, నల్లమంచు. పారదర్శకమైన పలుచని పొర కనుక క్రింది తారే కంటికి కనిపించును. నిర్మలమైన ఆకాశమున్న రాత్రి నేల తన వేడిని అంతరిక్షమునకు వెదజల్లుటచే, గాలి 2, 3 డిగ్రీలు వెచ్చగా నున్నను బాట ఉపరితలము సున్నకు దిగువకు పోగలదు; తాపమాపకమును చూచి ధైర్యపడరాదు. వంతెనలు ముందుగా గడ్డకట్టును, ఏలయన వాటికి క్రిందినుండి వెచ్చదనమిచ్చు నేల లేదు, చల్లగాలి రెండువైపులను తగులును. భవనముల నీడ, రంగుగీతలు, ఇనుపమూతలు, ట్రాము పట్టాలు ఇట్టివే. పగలు కరగిన బురదహిమములో కార్లు చేసిన చాళ్లు రాత్రికి రాయివలె బిగిసినచో, ముందుచక్రము వాటిలో చిక్కి తన దారి తాను పట్టును. అట్టి చాలును దాటవలసివచ్చినచో ఏటవాలుగా గాక, సాధ్యమైనంత అడ్డముగా దాటవలెను.

టైర్ల విషయమున ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. గాలి కొంత తగ్గించినచో టైరు వెడల్పుగా పరచుకొని హిమముపై మేలు చేయును. వెడల్పైన టైరు మెత్తని హిమముపై ఇంకను మేలు. కాని గట్టి మంచుగడ్డపై ఈ రెండును స్వల్పోపకారములే. దానికి మందు మేకుల టైరొక్కటే. రబ్బరు గుబ్బలలో బిగించిన ఈ చిన్న మేకుల కొనలు టంగ్‌స్టన్ కార్బైడుతో చేయబడును; అది మంచుగడ్డకంటె ఎన్నోరెట్లు కఠినము కనుక, మన బరువుచే పైపొరను చీల్చి లోనికి దిగి పట్టుకొనును, తారుపై నడచినను త్వరగా అరుగదు. ఒక్కొక్క టైరుకు నూరునుండి మూడునూర్ల వరకు మేకులుండును. రెండింటికి ధనము చాలనివారు ముందుచక్రమునకు తప్పక వేయించుకొనవలెను. కారణము పైన చెప్పియే యున్నాను. క్రొత్త మేకులు గుబ్బలలో కుదురుకొనుటకు మొదట నలుబది కిలోమీటర్ల వరకు తారుబాటపై నెమ్మదిగా, హఠాత్తుగా బ్రేకు పట్టకుండ నడుపవలెనని తయారుచేయువారు చెప్పుదురు. తారుపై అవి గలగలమని మ్రోగును, కాళ్లకు కొంత భారము తోచును. ఈ రెంటికిని వెరచి కొనుట మానువారిని చూచినప్పుడు నాకు మిక్కిలి విచారము కలుగును. కాలు విరిగి చదువు ఒక యేడు వెనుకబడుటతో పోల్చినచో ఆ టైరు ధర ఎంత?

అయినను భారమంతయు తొక్కువానిపై మోపుట న్యాయము కాదు. ఔలులో 1970 దశకమునుండి కార్లబాటలకు వేరుగా సైకిలుదారులను వేయుచు, పెద్దవీథులను దాటుటకు వందలాది క్రిందిదారులను కట్టుచు వచ్చిరి. హిమము కురిసిన రాత్రి ముఖ్యదారులను ఉదయపు రాకపోకలకు ముందే యంత్రములతో చదునుచేయుదురు. ఆ చలిలో ఉప్పు చల్లుట నిష్ప్రయోజనము: ఉప్పునీరు సిద్ధాంతరీత్యా సున్నకు 21 డిగ్రీల దిగువ వరకు గడ్డకట్టకున్నను, వ్యవహారమున సుమారు 8, 10 డిగ్రీల చలి దాటిన పిమ్మట ఉప్పు మంచును మందగతిని మాత్రమే కరగించి బురదగా చేయును. కనుక హిమమును పూర్తిగా తొలగింపక, గట్టిగా అణచి, గీతలు పడు పళ్లతో గీరి, పైన సన్నకంకర చల్లుదురు. ఇంత చలిలేని స్వీడనులోని లిన్‌షోపింగు పట్టణమున మరియొక పద్ధతి నవలంబించిరి: యంత్రమునకు ముందుభాగమున తిరుగు కుంచె హిమమును ఊడ్చివేయగా, వెనుకభాగమునుండి ఉప్పునీరు సన్నగా చల్లబడి, బాట నల్లగా పొడిగా నిలుచును. ఏ పద్ధతి యేచోట తగునో అచ్చటి చలిని బట్టి యున్నది. మన విద్యార్థి తాను చేరిన ఊరిలో ఏ దారులు ముందు శుభ్రపడునో తెలిసికొని, అవి రెండుమైళ్లు చుట్టైనను వాటినే పట్టుట వివేకము.

మరికొన్ని చిన్న సంగతులు. సీటును రెండంగుళములు దించినచో రెండుపాదములును నేలకందును. దీపములు ముందువెనుకల పగటివేళకూడ వెలుగుచుండవలెను. ఉప్పుదారులపై తిరిగిన సైకిలు గొలుసును తుడిచి నూనె వేయకున్నచో వారములలో తుప్పుపట్టును.

గడ్డకట్టిన నేలపై వాన కురిసిన ఉదయము మాత్రము వేరు. చినుకు తాకిన క్షణముననే గాజువలె గడ్డకట్టి బాటనంతయు కప్పును. మేకుల టైర్లు లేనివారు ఆ దినమున సైకిలు నింటనే యుంచి బస్సెక్కవలెను. మేకులున్నవారికి సైతము ఆనాడు ప్రమాదము బండినుండి దిగునప్పుడే యెక్కువ: మేకులున్నవి టైర్లకే గాని బూట్లకు కాదు. చక్రములు నిశ్చలముగా నిలిచిన చోటనే తొందరతో మోపిన పాదము జారి, సైకిలుతోసహా పడినవారు పెక్కుమంది. కావున పూర్తిగా ఆగిన పిమ్మట, రెండు బ్రేకులను పట్టియుంచి, పాదమును దూరముగా చాపక బండి ప్రక్కనే నిట్టనిలువుగా దించి, నేల పట్టినదని తెలిసిన తరువాతనే రెండవ పాదమును పెడలునుండి తీయవలెను.